కాడిలాక్: మైక్రోమీటరుతో వచ్చిన పేరు, బిళ్ల మార్చి పోగొట్టుకున్న పేరు

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. మీరు మిషిగన్‌కి కొత్తగా వచ్చారు. రాజమండ్రిలో ఉన్న మీ నాన్నగారికి కాడిలాక్ అంటే అమెరికా ఐశ్వర్యానికి మారుపేరు. మీ ఆఫీసులో ఆ పేరెత్తితే మాత్రం ‘అది తాతల కారు’ అని నవ్వారు. నాన్నగారు ఆగస్టులో వస్తున్నారు. ఆయన ముచ్చట తీర్చడానికి వాడిన కాడిలాక్ ఒకటి కొనాలనుకుంటున్నారు. ఎవరి మాట నిజం, కొంటే ఏది కొనాలి?

ఇద్దరి మాటా నిజమే. మీ నాన్నగారు చెబుతున్నది 1970కి ముందు సంగతి, మీ ఆఫీసువాళ్లు చెబుతున్నది ఆ తరువాతది. నేను ముప్పై ఏళ్లు డెట్రాయిట్ చుట్టుపక్కల విడిభాగాల కంపెనీల్లో నాణ్యత తనిఖీ చేశాను. చేతిలో మైక్రోమీటరు (అతి సూక్ష్మమైన కొలతలు తీసే పరికరం) లేనిదే నాకు నిద్ర పట్టదని మా ఆవిడ వేళాకోళం చేస్తుంది. అందుకే ఈ కథలో రెక్కలూ క్రోమ్ మెరుపులూ కాక, కొలతల నుంచి మొదలుపెడతాను.

1902లో డెట్రాయిట్‌లో హెన్రీ ఫోర్డ్ కంపెనీ అని ఒకటి ఉండేది. ఇప్పుడున్న ఫోర్డ్ కాదు, అంతకు ముందుది. పెట్టుబడిదారులతో పొసగక హెన్రీ ఫోర్డ్ దానిలోంచి బయటికి నడిచాడు. మిగిలిన యంత్రాలను అమ్మేసి చేతులు దులుపుకుందామని ఆ పెట్టుబడిదారులు, వాటికి వెల కట్టమని హెన్రీ లీలాండ్ అనే పెద్దమనిషిని పిలిచారు. అప్పటికి ఆయనకు దాదాపు అరవై ఏళ్లు. తుపాకుల కర్మాగారాల్లో పని నేర్చుకుని, బ్రౌన్ అండ్ షార్ప్ అనే కొలత పరికరాల సంస్థలో చేయి తిరిగినవాడు. ఓల్డ్స్‌మొబైల్ అనే కార్ల కంపెనీ కోసం ఒక సిలిండరున్న ఇంజను తయారుచేస్తూ, దాన్నే మరింత బలంగా మలిచాడు. ఓల్డ్స్‌వారికి అది అక్కరలేకపోయింది. లీలాండ్ ఆ ఇంజనును ఈ పెట్టుబడిదారులకు చూపించి, కంపెనీని మూయడమెందుకు, దీనితో కారు చేద్దాం అన్నాడు. వెల కట్టడానికి వచ్చిన మనిషి కంపెనీని నిలబెట్టాడు.

పేరు కావాలి కదా. 1701లో డెట్రాయిట్ పట్టణానికి పునాది వేసిన ఫ్రెంచి అధికారి ఆంట్వాన్ ద లా మోత్ కాడిలాక్ పేరు పెట్టారు. ఇక్కడొక తమాషా ఉంది. ఆయన పుట్టినప్పటి పేరు ఆంట్వాన్ లోమె, మామూలు కుటుంబం. సముద్రం దాటి వచ్చాక తనకు తానే జమీందారీ వంశం తగిలించుకుని, ఒక వంశచిహ్నం కూడా కల్పించుకున్నాడు. కారు ముందు భాగాన వందేళ్లకు పైగా మెరుస్తున్న ఆ డాలు బొమ్మకు మూలం ఆ కల్పిత వంశచిహ్నమే. గొప్ప పుట్టుకకు గుర్తు అనుకుని జనం చూసేది, ఊరు మారినప్పుడు ఒకాయన పుట్టించుకున్న గొప్ప.

బిళ్ల కల్పితమైనా దాని కింద ఉన్న ఇనుము కల్పితం కాదు. అప్పట్లో కార్లను బిగించే తీరు వేరు. రెండు భాగాలు సరిగా కూర్చోకపోతే పనివాడు ఆకురాయితో రాచి కూర్చోబెట్టేవాడు. అంటే ఏ రెండు కార్లూ ఒకేలా ఉండవు, ఒకదాని పిస్టన్ మరొకదానిలో పట్టదు. లీలాండ్ ఆకురాయిని దోషంగా చూశాడు. భాగం కొలతకు సరిపోవాలి, లేకపోతే చెత్తబుట్టలో పడాలి. జనరల్ మోటార్స్‌ను తరువాత దశాబ్దాలపాటు నడిపిన ఆల్ఫ్రెడ్ స్లోన్ కుర్రతనంలో బేరింగులు అమ్మేవాడు. లీలాండ్ ఆయన్ని పిలిచి, మైక్రోమీటరుతో ఒక్కొక్క బేరింగూ కొలిచి, ఒప్పుకున్న కొలతకు ఎంత దూరంగా ఉన్నాయో చూపించాడట. వేలకొద్దీ చేసినా మొదటిదీ చివరిదీ ఒకేలా ఉండాలన్న పాఠం అక్కడే నేర్చుకున్నానని స్లోన్ తరువాత చెప్పుకున్నాడు. మా వృత్తిలో ఈ కథ తెలియనివారు తక్కువ. సరుకు వెనక్కి తిప్పి పంపేటప్పుడు నాకు ఎన్నోసార్లు ధైర్యమిచ్చిన కథ ఇది.

1908లో ఇంగ్లండులో జరిగిన పరీక్ష దీనికి పరాకాష్ఠ. అమెరికా కార్లంటే అక్కడివారికి చులకన. లండన్‌లో కాడిలాక్ అమ్మే ఫ్రెడరిక్ బెన్నెట్, రాయల్ ఆటోమొబైల్ క్లబ్ పెట్టిన పరీక్షకు తన కార్లను అప్పగించాడు. క్లబ్ వారు అమ్మకానికి ఉన్న వాటిలోంచి మూడింటిని ఏరి, బ్రూక్‌లాండ్స్ పందెపు బాటకు తీసుకెళ్లి, పూర్తిగా విప్పేశారు. మూడింటి ముక్కలనూ కుప్పగా కలిపేశారు. అందులోంచి 89 భాగాలు తీసి పక్కన పెట్టి, డీలరు గోదాములోని కొత్త భాగాలు వేశారు. ఇక బిగించండి అన్నారు. ఆకురాయి ముట్టుకోకూడదు, స్పానర్లూ స్క్రూడ్రైవర్ల వంటి మామూలు పనిముట్లతోనే బిగించాలి. మూడు కార్లూ లేచాయి. ఒక్కొక్కటీ బ్రూక్‌లాండ్స్‌లో 500 మైళ్లు తిరిగింది. క్లబ్ వారు డ్యూయర్ ట్రోఫీ ఇచ్చారు. ఒక అమెరికా కారుకు అది దక్కడం అదే మొదలు. ‘ప్రపంచానికే ప్రమాణం’ అని కాడిలాక్ చెప్పుకోవడం అక్కడి నుంచే. వ్యాపార ప్రకటనల్లో ఇలాంటి మాటలు చాలా చూస్తాం కానీ, ఇంత న్యాయంగా సంపాదించుకున్న మాట మరొకటి నాకు తెలియదు.

ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి, తరువాత పనికొస్తుంది. ఒక కాడిలాక్ భాగం మరో కాడిలాక్‌కి అతికినందుకు వచ్చిన కీర్తి ఇది.

1909లో జనరల్ మోటార్స్ ఈ కంపెనీని కొనేసింది, నడిపే పగ్గాలు మాత్రం లీలాండ్ చేతిలోనే ఉంచింది. 1912 మోడలుకు విద్యుత్ స్టార్టరు వచ్చింది. మన ఊళ్లలో పాత లారీలకు హ్యాండిల్ కొట్టి స్టార్టు చేయడం మీ నాన్నగారు చూసే ఉంటారు. ఇంజను ఎదురు తన్నితే చేయి విరిగేది, ఒక్కోసారి ప్రాణమే పోయేది. ఇంజనును తిప్పాలంటే ఇంజనంత మోటారు కావాలని అందరూ అనుకునేవారు. డేటన్‌లో క్యాష్ రిజిస్టర్లకు విద్యుత్ మోటారు అమర్చిన చార్లెస్ కెట్టరింగ్‌కి వేరే సంగతి తెలుసు: క్షణాలసేపు మాత్రమే పనిచేయాలంటే చిన్న మోటారుతో కూడా పెద్ద బరువు లాగించవచ్చు. స్టార్టరు, దీపాలు, ఇగ్నిషన్ మూడింటినీ ఒకే ఏర్పాటులో కలిపి కాడిలాక్‌కి ఇచ్చాడు. దానికీ డ్యూయర్ ట్రోఫీ వచ్చింది. కండబలం లేనివారు కూడా, ముఖ్యంగా ఆడవాళ్లు, ఎవరి సాయమూ లేకుండా కారు తీయగలిగారు. నా లెక్కలో కాడిలాక్ ప్రపంచానికి చేసిన అతి పెద్ద మేలు ఇదే. ఇవాళ మీ కారులో బొత్తాం నొక్కినప్పుడు జరిగేది దాని వారసత్వమే.

1915 మోడలుకి ఎనిమిది సిలిండర్ల వీ-8 ఇంజను వచ్చింది. మొదటి కార్లలో విద్యుత్ తీగలు తిప్పలు పెట్టాయి, పోటీదారులు ఎగతాళి చేశారు. దానికి జవాబుగా థియోడర్ మెక్‌మానస్ అనే ప్రకటనల రచయిత రాసినది 1915 జనవరి 2న ఒక వారపత్రికలో అచ్చయింది. అందులో కారు బొమ్మ లేదు, ఇంజను ఊసు లేదు, కాడిలాక్ అన్న పేరు కూడా వాక్యాల్లో ఎక్కడా రాదు. ముందు నడిచేవాడి మీదే అందరి కళ్లూ, అందరి రాళ్లూ పడతాయన్నది దాని సారం. ఒక్కసారే వేశారు, జనం దాన్ని కత్తిరించి దాచుకున్నారు. ప్రకటనల రంగంలో ఇప్పటికీ పాఠంగా చెబుతారు. నాకు మాత్రం అది చదివినప్పుడల్లా కొంచెం ఇబ్బందిగా ఉంటుంది. తీగలు కాలుతున్నాయని కొన్నవాడు మొత్తుకుంటుంటే, గొప్పవారికి విమర్శలు తప్పవని జవాబు చెప్పడం నాణ్యత విభాగంలో నేర్పే పద్ధతి కాదు.

లీలాండ్ 1917లో బయటికి వచ్చేశాడు. యుద్ధవిమానాల ఇంజన్లు చేయాలని ఆయన పట్టు, జనరల్ మోటార్స్ అధిపతి విలియం డ్యురాంట్‌కి అది ఇష్టం లేదు. కొడుకుతో కలిసి కొత్త కంపెనీ పెట్టి, 1864లో తాను మొట్టమొదటి ఓటు వేసిన అధ్యక్షుడి పేరు దానికి పెట్టుకున్నాడు: లింకన్. అంటే అమెరికాలో ఇప్పటికీ ఎదురెదురుగా నిలబడ్డ రెండు ఖరీదైన కార్లకూ తండ్రి ఒక్కడే. యుద్ధం అయ్యాక లింకన్ కార్లు వచ్చాయి, కానీ కంపెనీ అప్పుల్లో మునిగింది. 1922లో దాన్ని 80 లక్షల డాలర్లకు కొన్నది ఎవరనుకున్నారు? ఇరవై ఏళ్ల క్రితం ఎవరి కంపెనీకైతే లీలాండ్ వెల కట్టడానికి వెళ్లాడో ఆ హెన్రీ ఫోర్డే. కొన్ని నెలల్లోనే తండ్రీకొడుకులిద్దరినీ బయటికి పంపించాడు. కాకతాళీయమో కసి తీర్చుకోవడమో నేను చెప్పను, డెట్రాయిట్ పాతకాలపు మనుషులు మాత్రం దాన్ని కసి అనే చెబుతారు.

లీలాండ్ వెళ్లిపోయాక కాడిలాక్ రూపం మీద దృష్టి పెట్టింది. హార్లీ ఎర్ల్ అనే హాలీవుడ్ బాడీ డిజైనరు వచ్చి, 1927లో లాసాల్ అనే చెల్లెలి కారుకు రూపం దిద్దాడు. బాడీ రూపాన్ని ఇంజనీర్లు కాక చిత్రకారులు నిర్ణయించే పద్ధతి పెద్ద కంపెనీల్లో అలా స్థిరపడింది. 1930 జనవరిలో ఏకంగా పదహారు సిలిండర్ల కారు చూపించారు. 1929 అక్టోబరులో షేర్ మార్కెట్ కుప్పకూలింది, జనవరిలో వీ-16 వచ్చింది! పదేళ్లలో నాలుగు వేల చిల్లర మాత్రమే అమ్ముడయ్యాయి. ఇవాళ ఒకటి వేలానికి వస్తే జనం ఎగబడతారు.

మాంద్యంలో కాడిలాక్ అమ్మకాలు 1928తో పోలిస్తే 1933 నాటికి ఐదింట నాలుగు వంతులకు పైగా పడిపోయాయి. మూసేద్దామా అన్న చర్చ నడుస్తుండగా జరిగిందని మేనేజ్‌మెంట్ పండితుడు పీటర్ డ్రకర్ చెప్పిన కథ ఒకటుంది. ఈ బ్రాండు చరిత్రలో దీని గురించే అందరికంటే తక్కువ మాట్లాడతారు, నాకు మాత్రం ఇదే ముఖ్యం. నికొలస్ డ్రైస్టాట్ అనే జర్మన్ వలసదారు అప్పుడు సర్వీసు విభాగం చూసేవాడు. మరమ్మతులకు వచ్చే కార్లతో పాటు మనుషులను కూడా గమనించాడు. కాడిలాక్‌ను నల్లజాతివారికి అమ్మకూడదన్నది కంపెనీ విధానం, తెల్లవారి హోదాకు భంగమని. అయినా సర్వీసుకు వచ్చేవారిలో చాలామంది నల్లజాతి డాక్టర్లు, బాక్సర్లు, గాయకులు. వీళ్లకు కార్లెలా వచ్చాయి? ఒక తెల్లవాడికి డబ్బులిచ్చి, అతని పేరు మీద కొనిపించుకుంటున్నారు. ఆ రోజుల్లో నల్లజాతివాడు ఎంత సంపాదించినా మంచి పేటలో ఇల్లు కొననివ్వరు, మంచి హోటల్లో గది ఇవ్వరు. విజయాన్ని నలుగురికీ చూపించుకోవడానికి అతనికి దొరికింది కారు ఒక్కటే. డ్రైస్టాట్ పిలవకుండానే పెద్దల సమావేశానికి వెళ్లి, దళారీకి పోయే ఆ సొమ్ము మనమే ఎందుకు తీసుకోకూడదు, నేరుగా అమ్ముదాం అన్నాడట. ఒప్పుకున్నారు. 1934లో ఆయనే కాడిలాక్ అధిపతి అయ్యాడు, అమ్మకాలు లేచాయి.

ఇందులో సమాజసేవ ఏమీ లేదు, శుద్ధ వ్యాపారమే. అయినా దాని ఫలితం పెద్దది. నల్లజాతి పత్రిక ఎబొనీ 1949లో, నల్లవారు కాడిలాక్ ఎందుకు కొంటారన్న విషయం మీద సంపాదకీయమే రాసింది. ఎల్విస్ ప్రెస్లీ 1955 నాటి గులాబీ రంగు కాడిలాక్‌ను తల్లికి ఇచ్చాడన్నది అందరికీ తెలిసిన కథ. పేదరికంలోంచి వచ్చినవాడు ‘నేను చేరుకున్నాను’ అని చెప్పడానికి ఆ కారు కొనేవాడు. తాతల ఆస్తి ఉన్నవాడికి ఆ అవసరం లేదు, అతను ప్యాకార్డ్ అనే మరో ఖరీదైన కారు కొనుక్కునేవాడు. యుద్ధానికి ముందు హోదాలో ప్యాకార్డే ఒక మెట్టు పైన ఉండేదని చాలామంది మరిచిపోతారు. 1935లో అది చవక మోడలు ఒకటి తెచ్చి మాంద్యం గండం గట్టెక్కింది. అదే నెమ్మదిగా దాని పేరును తినేసింది. 1958తో ప్యాకార్డ్ కథ ముగిసింది. దాని పాడుబడ్డ కర్మాగారం దశాబ్దాలపాటు డెట్రాయిట్ తూర్పున శిథిలంగా నిలబడి ఉండేది. కాడిలాక్ పెద్దలు ఆఫీసుకు వెళుతూ దాన్ని చూసే ఉంటారు. చూసి నేర్చుకున్నట్టు మాత్రం కనబడదు.

మీ నాన్నగారి తరానికి తెలిసిన కాడిలాక్ 1948 నుంచి 1960 దాకా వచ్చినది. రెండు తోకల పీ-38 యుద్ధవిమానాన్ని చూసి ఎర్ల్ బృందం 1948 మోడలుకు తోక మీద చిన్న రెక్కలు పెట్టింది. మరుసటి ఏడు 160 హార్స్‌పవర్ల కొత్త వీ-8 వచ్చింది. చాలామంది రెక్కలే చూస్తారు, నన్నడిగితే గొప్పదనం ఆ ఇంజనులో ఉంది. 1950లో బ్రిగ్స్ కన్నింగ్‌హామ్ అనే ధనికుడు రెండు కాడిలాక్‌లను ఫ్రాన్సులోని లె మాన్స్ 24 గంటల పందేనికి తీసుకెళ్లాడు. ఒకటి దాదాపు షోరూములో దొరికే కారే. రెండోదానికి గాలి అడ్డు తగ్గేలా రేకు తొడుగు వేశారు, దాని వికారం చూసి ఫ్రెంచివాళ్లు రాక్షసి అని పేరు పెట్టారు. మామూలు కారు పదో స్థానంలో, రాక్షసి పదకొండో స్థానంలో పందెం ముగించాయి. పెళ్లికి వెళ్లే కారు కుస్తీకి వెళ్లి నిలబడి వచ్చినట్టు లెక్క.

1959 నాటికి రెక్కలు ఆకాశానికి ఎదిగాయి, ఒక్కొక్క రెక్కకూ తుపాకి గుండ్ల వంటి రెండు ఎర్ర దీపాలు. క్యాలెండర్లలో, సినిమా పోస్టర్లలో కనిపించేది ఆ కారే. దాన్ని చూస్తే నాకు మా ఊరి తిరునాళ్లలో ప్రభ గుర్తొస్తుంది: ఉపయోగం అడగకూడదు, చూసి ఆనందించాలి. 1965 నాటికి రెక్కలు పోయాయి. అయినా అప్పటికే ‘ఫలానా వాటిలో కాడిలాక్’ అంటే ఆ రకంలో అత్యుత్తమమైనదని ఆంగ్లంలో వాడుక స్థిరపడిపోయింది. కుట్టుమిషన్ల దగ్గర నుంచి ఆరోగ్యబీమా దాకా ఆ మాట వాడతారు.

ఇక పతనం. ఇది ఒక్కరోజులో రాలేదు. 1978లో అమెరికాలో కాడిలాక్ మూడున్నర లక్షల కార్లు అమ్మింది. ఇన్ని అమ్మే కారు అరుదైనదెలా అవుతుంది? ఆ లెక్క చూసి మురిసిపోయారు గాని భయపడలేదు. దానికి రెండేళ్ల ముందు, 1976లో, ఎల్డొరాడో కన్వర్టిబుల్‌ను ‘అమెరికాలో ఇదే చివరి టాపులేని కారు’ అని ఊరించి 14,000 అమ్మారు. రేపు బంగారమవుతుందని జనం అసలు ధర కంటే ఎక్కువకు కొని దాచారు. 1984లో కాడిలాక్ తానే మళ్లీ కన్వర్టిబుల్ తెచ్చింది. దాచుకున్నవారిలో కొందరు కోర్టుకెక్కారు. మాట మీద నమ్మకం పోవడమంటే ఇదే.

అమ్మినవి పనిచేసినా కొంత నయంగా ఉండేది. పెట్రోలు సంక్షోభం తరువాత మైలేజీ నిబంధనలు బిగిశాయి, వరుసగా తొందరపాటు ఇంజన్లు వచ్చాయి. ఓల్డ్స్‌మొబైల్ చేసిన డీజిల్ వీ-8లో ఇంజను పైమూతను (హెడ్) బిగించే బోల్టులు ఆ ఒత్తిడికి తట్టుకోలేదు, డీజిల్లో నీటిని వేరుచేసే ఫిల్టరు కూడా పెట్టలేదు. 1981లో వచ్చిన ఇంజను అవసరాన్ని బట్టి ఎనిమిది, ఆరు, నాలుగు సిలిండర్లతో నడుస్తుందన్నారు. ఆలోచన చక్కనిదే, ఇవాళ చాలా కార్లలో ఉంది. ఆనాటి కంప్యూటరుకు అంత వేగం లేదు, బండి కుదుపులతో నడిచేది. డీలర్ల దగ్గర ఆ ఏర్పాటును నడిపే తీగను పీకించుకుని పూర్తి ఎనిమిదితోనే నడుపుకున్నవారు ఎందరో. ఎక్కువ కార్లలో అది ఒక్క ఏడాదే బతికింది. 1982లో దాని స్థానంలో వచ్చినది అల్యూమినియం బ్లాకు మీద పోత ఇనుము హెడ్డులు పెట్టిన ఇంజను. వేడికి రెండు లోహాలూ ఒకేలా పెరగవు, చల్లబరిచే నీరు లోపలికి కారేది. నా వంటి వాడికి ఈ పేరా రాయడమే బాధ.

అదే ఏడాది సిమరాన్ వచ్చింది. జనరల్ మోటార్స్‌దే అయిన షెవర్లే బ్రాండులోని కావలియర్ అనే చిన్న కారుకు తోలు సీట్లు, కాడిలాక్ బిళ్ల తగిలించి దాదాపు రెట్టింపు ధర పెట్టారు. నాలుగు సిలిండర్లు, 1.8 లీటర్ల ఇంజను. దగ్గరికెళ్లి చూసిన ఎవరికైనా లోపలున్నది కావలియరేనని తెలిసిపోయేది. 1988 దాకా లక్షకు పైగా అమ్మారు కూడా. ఇందాక గుర్తుపెట్టుకోమన్నది ఇందుకే. 1908లో ఒక కాడిలాక్ భాగం ఇంకో కాడిలాక్‌కి అతికినందుకు ప్రపంచం చప్పట్లు కొట్టింది. 1982లో షెవర్లే భాగం కాడిలాక్‌కి అతికినందుకు నవ్వింది. భాగాలు పంచుకోవడం తప్పు కాదు, ప్రపంచంలో అందరూ చేస్తారు. పంచుకున్నది కొన్నవాడి కంటపడటమే తప్పు. జమీందారు గారి ఇంట పెళ్లికి వెళ్లి, విస్తరిలో పక్క హోటలు పొట్లాం విప్పి వడ్డించినట్టుంటుంది.

1986లో ఎల్డొరాడోను కుదించారు, అది చవక జి.ఎం. (జనరల్ మోటార్స్) కార్లలాగే కనబడింది. ఒక్క ఏడాదిలో దాని అమ్మకాలు మూడో వంతు లోపుకు పడ్డాయి. లింకన్ వారు టీవీ ప్రకటన వేశారు: హోటలు బయట కారు తెచ్చే కుర్రవాడికి ఏది కాడిలాక్, ఏది బ్యూక్, ఏది ఓల్డ్స్‌మొబైలో (మూడూ జి.ఎం.వే) తెలియక తికమకపడతాడు. లీలాండ్ పెట్టిన రెండో కంపెనీ మొదటి కంపెనీని ఇలా ఆటపట్టించింది.

పోయిన పరువు తెచ్చుకోవాలని 1987లో అలాంటే అనే రెండు సీట్ల కారు చేశారు. బాడీలు ఇటలీలోని ట్యూరిన్‌లో పినిన్‌ఫరీనా చేసేది, వాటిని ప్రత్యేకంగా మార్చిన బోయింగ్ 747 విమానాల్లో, ఒక్కో విమానానికి 56 చొప్పున, డెట్రాయిట్‌కి తెచ్చి ఇంజన్లు బిగించేవారు. కారు చేసే తీరులో విమానప్రయాణం కూడా ఒక అంచె! అందంగానే ఉండేది, ఖర్చే తలకు మించింది. 1993లో ఆపేశారు. ఈలోగా 1989లో టయోటా లెక్సస్ పేరుతో వచ్చి, 35,000 డాలర్లకు శబ్దం లేని, చెడిపోని పెద్ద కారు అమ్మింది. లీలాండ్ చూసి ఉంటే ఆ కారు తనదే అనుకునేవాడు. నోవైలో వేంకటేశ్వరస్వామి గుడి ముందు పార్కింగులో ఒకసారి లెక్కపెట్టండి, మనవాళ్లు ఎవరిని నమ్మారో తెలుస్తుంది. సగంమంది జీతాలు డెట్రాయిట్ కంపెనీలవే అయినా!

అప్పటికి కాడిలాక్ కొనేవారి సగటు వయసు అరవై దాటింది. మీ ఆఫీసువాళ్ల ‘తాతల కారు’ మాట పుట్టింది అక్కడే. మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అన్నట్టు నడిచిన కాలం అది. 1998లో అమ్మకాల్లో లింకన్ దాటిపోయింది. ముందు మేమే గెలిచామని కాడిలాక్ ప్రకటించి, కొన్ని నెలల తరువాత లెక్క తప్పని ఒప్పుకుని క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది.

కాపాడింది మళ్లీ వాళ్లు ఊహించని కొనుగోలుదారే. నావిగేటర్ అనే లింకన్ ఎస్‌యూవీకి పోటీగా హడావుడిగా ఎస్కలేడ్ అనే పెద్ద ఎస్‌యూవీ తెచ్చారు. అదీ ఇంకో జి.ఎం. బండికి బిళ్ల మార్చిందే. కానీ 2002లో వచ్చిన రెండో తరం ఎస్కలేడ్‌ను ర్యాప్ గాయకులు, బాస్కెట్‌బాల్ ఆటగాళ్లు ఎగబడి కొన్నారు. డ్రైస్టాట్ 1930లలో కనిపెట్టిన విషయమే డెబ్బై ఏళ్ల తరువాత పునరావృతమైంది. అదే సమయంలో వచ్చిన సీటీఎస్ అనే సెడాన్‌ను జర్మనీలోని నూర్‌బర్గ్‌రింగ్ బాట మీద సానబెట్టారు. 2008లో సీటీఎస్-వీ ఆ బాటను ఎనిమిది నిమిషాల లోపు చుట్టింది. జర్మన్లు నవ్వడం ఆపారు.

ఆ తరువాతి విషయాలు త్వరగా చెబుతాను. 2009 దివాలాలో జనరల్ మోటార్స్ పాంటియాక్, శాటర్న్ బ్రాండ్లను వదిలించుకుంది, కాడిలాక్‌ను వదల్లేదు. 2014లో ప్రధాన కార్యాలయాన్ని న్యూయార్క్‌కి మారుస్తున్నామని ప్రకటించారు, నాలుగేళ్లకే తిరిగి మిషిగన్ బాట పట్టారు. చక్కటి పేర్లు చాలావరకు తీసేసి ఏటీఎస్, సీటీ6, ఎక్స్‌టీ5 అని పెట్టారు. ఇవి కార్ల పేర్లో రక్తపరీక్షల పేర్లో నాకు ఇప్పటికీ అర్థం కాదు. 2017 నుంచి కొన్నేళ్లపాటు అమెరికాలో కంటే చైనాలోనే ఎక్కువ అమ్ముడుపోయింది. లిరిక్ అనే విద్యుత్ కారు బాగుంది. 2026 నుంచి ఫార్ములా వన్‌లో పదకొండో జట్టుగా దిగడానికి అనుమతి కూడా దొరికింది. భారత్‌లో మాత్రం ఆ చెడ్డ దశాబ్దాల్లో ఈ బ్రాండును అధికారికంగా అమ్మలేదు. అందువల్లే మన దగ్గర దాని పేరు చెడలేదు. మీ నాన్నగారు సిమరాన్‌ను చూడలేదు కదా!

ఇప్పుడు కొనుగోలు సంగతి. 1993 నుంచి 2000ల మధ్య దాకా వచ్చిన నార్త్‌స్టార్ అనే వీ-8 ఇంజనున్న కార్లు చవగ్గా దొరుకుతాయి, నడిపితే హాయిగా ఉంటాయి. కానీ అల్యూమినియం బ్లాకులో హెడ్ బోల్టుల మరలు ఊడివచ్చి గాస్కెట్ (హెడ్డుకూ బ్లాకుకూ మధ్య ఉండే సీలు) పోవడం వాటికి తెలిసిన జబ్బు. కూలెంటు తగ్గుతున్నా, పొగగొట్టంలోంచి తెల్లటి పొగ వస్తున్నా, ఎండలో ఆగి ఉన్నప్పుడు ఉష్ణోగ్రత ముల్లు పైకి పోతున్నా వెనక్కి చూడకుండా వచ్చేయండి. మరమ్మతు ఖర్చు కారు ధరను మించుతుంది. 2008, 2009 సీటీఎస్‌లలో 3.6 లీటర్ల ఇంజనుకు టైమింగ్ చైన్ సాగుతుంది. మార్చిన రసీదు ఉంటేనే బేరం చేయండి. 1982 నుంచి 1987 మధ్యవి ఎవరైనా ఊరికే ఇచ్చినా వద్దు.

నన్నడిగితే 1994 నుంచి 1996 దాకా వచ్చిన ఫ్లీట్‌వుడ్ చూడండి. పడవంత పొడవు, వెనక చక్రాల లాగుడు, షెవర్లే వారి స్పోర్ట్స్ కారు కార్వెట్ నుంచి తెచ్చిన 5.7 లీటర్ల ఇంజను. అది షెవర్లే ఇంజనే, అయినా ఈసారి మంచిదాన్ని పంచుకున్నారు. ఏ షెడ్డులోనైనా బాగుచేస్తారు, భాగాలు దొరుకుతాయి. కింద పడుకుని తుప్పు మాత్రం చూడండి. మిషిగన్‌లో శీతాకాలం రోడ్ల మీద చల్లే ఉప్పు ఫ్రేమును, బ్రేకు గొట్టాలను తినేస్తుంది. దక్షిణాది రాష్ట్రాల్లో తిరిగిన బండి దొరికితే వెయ్యి డాలర్లు ఎక్కువైనా లాభమే.

ఒకవేళ కొనడం కుదరకపోయినా ఫరవాలేదు. ఆగస్టు మూడో శనివారం వుడ్‌వర్డ్ అవెన్యూ మీద పాత కార్ల ఊరేగింపు జరుగుతుంది, 1995 నుంచి, 2020లో తప్ప ఏటా. ఫెర్న్‌డేల్ నుంచి పాంటియాక్ ఊరి దాకా రోడ్డు నిండా కార్లే. నాన్నగారిని పొద్దున్నే తీసుకురండి, పది దాటితే కారు ఆపడానికి చోటు దొరకదు. మడతకుర్చీలు, గొడుగు, మజ్జిగ సీసా తెచ్చుకోండి. రాయల్ ఓక్‌లో చెట్టు నీడ చూసుకుని కూర్చోండి. 1959వి తప్పకుండా వస్తాయి. ఆ జంట ఎర్ర దీపాలు కారు వెనక ఉంటాయి, అది ముందుకు దాటాకే కనిపిస్తాయి కాబట్టి, కారు దాటిపోయేదాకా ఆయన్ని కుర్చీలోంచి లేవనివ్వకండి.